బాణం తోకకు ఈకా, ప్లాస్టిక్కా?

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఒక్కొక్కరూ తమకు బాగా తెలిసిన విషయం ఒకటి పిల్లలకు పనికొచ్చేట్టు చెప్పాలి, ఉద్యోగం గొడవ మాత్రం వద్దు" అన్నారు. ఉద్యోగం తీసేస్తే నాకు కాస్తో కూస్తో తెలిసింది విలువిద్య ఒక్కటే. నేనుండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో. అక్కడ శరత్కాలం వచ్చిందంటే విల్లు పట్టుకుని జింకల వేటకు వెళ్లేవాళ్లు ఊరూరా ఉంటారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇద్దరు విలుకాళ్లు ఒకచోట కూర్చుంటే ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది: బాణం తోకకు పక్షి ఈకలు అంటించాలా, ప్లాస్టిక్ రెక్కలు అంటించాలా? వినడానికి చిల్లర వాదనలాగే ఉంటుంది. కానీ ఒక జంతువు క్షణాల్లో నేలకొరుగుతుందా, గాయంతో రోజుల తరబడి ఈడ్చుకుంటూ తిరుగుతుందా అన్నది చాలాసార్లు ఆ తోక దగ్గరే తేలిపోతుంది. అందుకే ఇవాళ దీని గురించి చెబుతాను.

వేట అనగానే కొందరి ముఖాలు మారాయి. సహజమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అది మంచి చట్టం, పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో పద్ధతి వేరు. లైసెన్సు తీసుకోవాలి, ప్రభుత్వం చెప్పిన నెలల్లోనే వెళ్లాలి, చెప్పినన్ని జంతువులనే కొట్టాలి. విల్లుతో వేటకు విడిగా ఒక కాలాన్ని కేటాయించడం విస్కాన్సిన్‌లో 1934లో మొదలైంది. ప్రకృతి పరిరక్షణ గురించి లోకానికి పాఠాలు చెప్పిన ఆల్డో లియోపోల్డ్ ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు. ఆయనా విలుకాడే, తన విల్లు తానే చెక్కుకునేవాడు. వేట సామాన్ల మీద వసూలు చేసే పన్నును వన్యప్రాణుల రక్షణకే ఖర్చు పెట్టాలని 1937లో అక్కడ చట్టం చేశారు. తర్వాత విల్లంబులను కూడా అందులో చేర్చారు. ఇక వేట తప్పా ఒప్పా అన్నది వేరే సభకు వదిలేద్దాం. వేటకు వెళ్లినవాడికి ఉండాల్సిన బాధ్యత ఏమిటన్నదే ఇవాళ్టి మాట.

మొదట ఒక ప్రశ్న. బాణానికి తోక ఎందుకు? మన ఊళ్లో షటిల్ ఆడనివాళ్లు ఉండరు. షటిల్ కాక్‌ను ఎటు తిప్పి కొట్టినా క్షణంలో తిరగబడి బెండు వైపు ముందుకు పెట్టుకుని వెళ్తుంది. బరువంతా ముందున్న బెండులో ఉంది. గాలిని అడ్డుకునే ఈకలు వెనక ఉన్నాయి. వెనక భాగం పక్కకు జరిగితే గాలి దాన్ని నెట్టి మళ్లీ దారిలో పెడుతుంది. బాణం తోక చేసే పని సరిగ్గా ఇదే. ఇంకో పోలిక కూడా ఉంది. పోటీల్లో వాడే షటిల్‌కు 16 ఈకలుంటాయి. సాయంత్రాలు మనం ఆడుకునేది ఎక్కువగా ప్లాస్టిక్‌ది. రెండూ ఆడినవాళ్లకు తేడా తెలుసు. ఈకలది మెత్తగా దిగుతుంది, త్వరగా పాడవుతుంది. ప్లాస్టిక్‌ది మన్నుతుంది కానీ ఆ తీరు రాదు. నేను చెప్పబోయే కథలో సగం ఇప్పటికే మీ చేతికి తెలుసన్నమాట.

బాణం తోకకు మన భాషలో మంచి మాటే ఉంది. పుంఖం. "ఉత్తరాలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి" అంటాం కదా, ఒక బాణం పుంఖం వెంట ఇంకో బాణం పుంఖం అని దాని అర్థం. మహాభారత యుద్ధంలో బాణాలకు కంకపత్రాలు అని పేరు, కంకమనే పక్షి ఈకలు కట్టినవి కాబట్టి. ఆ మాటలు మనకు మిగిలాయి, ఆ పని మాత్రం మరిచిపోయాం.

ఏ ఈక మంచిదన్న వాదనా పాతదే. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు 1545లో 'టాక్సోఫిలస్' అని విలువిద్య మీద పుస్తకం రాశాడు. తర్వాత ఎలిజబెత్ రాణి అయిన రాకుమారికి చదువు చెప్పిన గురువు ఆయనే. ఒక్కో పక్షి ఈకనూ పరీక్షకు పెట్టి, చివరికి పెద్దబాతు ఈకకే ఓటు వేశాడు. నెమలి ఈకల గురించి ఆయన చెప్పింది నాకు బాగా నచ్చుతుంది. షోకు కోసం నెమలి ఈకలు పెట్టుకున్నవాళ్లు చాలామంది, పని జరగడం లేదని మళ్లీ తీసేశారట. మాస్టార్లకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయనే 'ది స్కూల్‌మాస్టర్' అనే పుస్తకంలో, పిల్లలకు చదువు బెత్తంతో కాదు, ప్రేమతో చెప్పాలని వాదించాడు. ఆ పుస్తకం మా రోజుల్లో మన లైబ్రరీకి వచ్చి ఉంటే మా అరచేతులు సంతోషించేవి.

అమెరికాలో విల్లు వేట మళ్లీ లేచి నిలబడడం వెనక ఒక విషాద గాథ ఉంది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అనే ఊరి దగ్గర అడవిలోంచి ఒక మనిషి ఒంటరిగా బయటకు వచ్చాడు. వలస వచ్చినవాళ్ల చేతుల్లో నాశనమైన యాహీ తెగలో మిగిలిన చివరివాడు. తన పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ల భాషలో 'మనిషి' అని అర్థం వచ్చే 'ఇషి' అన్న మాటతోనే ఆయన్ని పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంచారు. అక్కడి సర్జన్ సాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గర విల్లు చెక్కడం, బాణానికి ఈకలు కట్టడం, అడవిలో చప్పుడు లేకుండా నడవడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో పోయాడు. పోప్ 1923లో 'హంటింగ్ విత్ ది బో అండ్ యారో' అనే పుస్తకం రాశాడు. ఇవాళ్టి అమెరికన్ విలుకాళ్లలో చాలామందికి ఆది గురువు ఆ పుస్తకం. ఆ పుస్తకానికి గురువు, పేరు చెప్పకుండా వెళ్లిపోయిన ఆ మనిషి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు అమెరికాలో బాణాలకు వాడే ఈకలు ఎక్కువగా టర్కీ కోడివి, దాని రెక్కలోని పెద్ద ఈకలు. మాంసం కోసం పెంచే తెల్ల టర్కీల నుంచి వస్తాయి. రంగులద్ది అమ్ముతారు. అడవిలో దొరికింది కదా అని గద్ద ఈకో కొంగ ఈకో తెచ్చి అంటించడం కుదరదు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అలాంటి ఈక నేల మీద దొరికినా దగ్గర పెట్టుకోకూడదు.

ఈకలో ఎడమ రెక్కది, కుడి రెక్కది అని రెండు రకాలు. రెండింటి వంపూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటుంది. ఒక బాణానికి మూడు ఈకలు కడితే మూడూ ఒకే వైపువి కావాలి. కాస్త మెలితిప్పినట్టు ఏటవాలుగా అంటిస్తే బాణం గాలిలో తన చుట్టూ తాను తిరుగుతుంది, నిలకడ వస్తుంది. ఎడమవీ కుడివీ కలిపితే ఒకటి ఇటు, ఇంకొకటి అటు లాగుతాయి. కాడెద్దుల సంగతి తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈక గొప్పతనం మూడు విషయాల్లో ఉంది. ఒకటి, తేలిక. నాలుగంగుళాల ఈక బరువు దాదాపు 3 గ్రెయిన్లు. అంతే పొడవున్న ప్లాస్టిక్ రెక్క దాదాపు 8 గ్రెయిన్లు. మన కంసాలి గురిగింజ రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. అంటే ఈక ఒకటిన్నర గురిగింజ ఎత్తయితే, ప్లాస్టిక్ నాలుగు గింజలకు పైమాట. మూడేసి చొప్పున లెక్కేస్తే తోక దగ్గర 15 గ్రెయిన్ల తేడా వస్తుంది, అంటే ఒక గ్రాము. ఒక గ్రాముకు ఇంత లెక్కా అంటారేమో. వేట బాణం మొత్తం బరువే 400 నుంచి 500 గ్రెయిన్లు. ఆ ఒక్క గ్రాము కాడ చివర చేరితే బాణం తూగే చోటు దాదాపు అరంగుళం వెనక్కి జరుగుతుంది. షటిల్ బెండు సంగతి గుర్తుంది కదా? బరువు ముందుకు ఉన్నకొద్దీ బాణం తిన్నగా పోతుంది. వెనక్కి జరిగితే తోకకు పని పెరుగుతుంది.

రెండు, గరుకుదనం. ఈక ఉపరితలం నున్నగా ఉండదు, గాలిని బాగా పట్టుకుంటుంది. నారి వదిలిన క్షణంలో బాణం కాడ చేపలాగా మెలికలు తిరుగుతూ బయలుదేరుతుంది. ఆ ఊగిసలాటను ఈక త్వరగా అణుస్తుంది. మూడు, ఒదుగుదనం. పాతకాలపు లాంగ్‌బోలో, రికర్వ్ విల్లులో బాణాన్ని వింటి పక్కనున్న చిన్న గట్టు మీదే ఆనించి వదులుతారు. పోతూ పోతూ తోక వింటికి రాసుకుంటుంది. ఈకయితే నలిగినట్టు ఒదిగి మళ్లీ విచ్చుకుంటుంది. ప్లాస్టిక్ అయితే తగిలి బాణాన్ని పక్కకు తన్నేస్తుంది. కాబట్టి అలాంటి విల్లు పట్టినవాడికి అసలు వాదనే లేదు, ఈకే గతి.

మరి ప్లాస్టిక్ ఎందుకు వచ్చింది? విల్లు మారింది కాబట్టి. కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లులో బాణాన్ని మోసే చిన్న చెయ్యి ఒకటుంటుంది. బాణం కదలగానే అది కిందికి పడిపోతుంది. తోక దేనికీ తగలదు. అప్పుడు ఈకకున్న ఒదుగుదనంతో అవసరం తీరిపోయింది. రెండంగుళాల పొడవు, ఎత్తు ఎక్కువ, బిరుసుగా ఉండే పొట్టి రెక్కలు వచ్చాయి. బ్లేజర్ అనే రకం అలాంటిదే, ఒక్కోటి దాదాపు 6 గ్రెయిన్లు. గాలిని తక్కువ పట్టుకుంటాయి కాబట్టి దూరం పోయినకొద్దీ వేగం తక్కువగా తగ్గుతుంది. అమ్ములపొదిలో ఎలా కుక్కినా ఆకారం చెడదు. అన్నిటికీ మించి, వానకు భయం లేదు.

వాన ఈకకు పెద్ద శత్రువు. తడిసిన కోడిని చూశారు కదా? ఈక కూడా అంతే, కాడకు అతుక్కుపోతుంది. అప్పుడు ఆ బాణానికి తోక ఉన్నా లేనట్టే. నీరు పట్టకుండా పౌడర్లు, స్ప్రేలు ఉన్నాయి. కాసేపు ఆపుతాయి, రోజంతా కురిసే ముసురుకు మాత్రం ఆగవు. నాకు వేట నేర్పిన పెద్దాయన పక్కా లాంగ్‌బో మనిషి, ఈక తప్ప ముట్టడు. ముసురు పట్టిన రోజు ఆయన అడవికి వెళ్లడు. "జింక రేపూ ఉంటుంది" అని ఇంట్లో కూర్చుని ఈకలు కత్తిరించుకుంటాడు. ఈకను ఎంచుకోవడమంటే ఆ నియమాన్నీ ఎంచుకోవడమే.

ఇంకో లోటు చప్పుడు. ఈక గాలిని కోస్తూ సన్నగా బుసకొడుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం, పిల్లలు పుస్తకం తీయండి. జింక 20 గజాల దూరంలో ఉంది, అంటే 60 అడుగులు. ధ్వని సెకనుకు దాదాపు 1,100 అడుగులు పోతుంది. నారి చప్పుడు జింక చెవికి చేరడానికి సెకనులో 20వ వంతు చాలు. రికర్వ్ విల్లు బాణం సెకనుకు 180 అడుగులు పోతుందనుకుంటే, చేరడానికి మూడో వంతు సెకను పడుతుంది. కాంపౌండ్ బాణం 270 అడుగులు పోతే ఐదో వంతు సెకనుకు కొంచెం పైన. చప్పుడు ఎప్పుడూ బాణం కంటే ముందే చేరుతుందన్నమాట. బెదిరిన జింక దూకడానికి ముందు కాళ్లు ముడిచి కిందికి కుంగుతుంది. ఊపిరితిత్తులకు పెట్టిన గురి అప్పుడు వీపు మీదికి పోతుంది. దీనికి ఈక వద్దన్నది జవాబు కాదు. దగ్గరికి వచ్చేదాకా ఆగడం, జింక నిబ్బరంగా మేస్తున్నప్పుడే వదలడం జవాబు.

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరైనా పట్టికలో రాసుకోగల సంగతులు. అసలైనది ఇంకా చెప్పలేదు. మైదానంలో అట్టబొమ్మ మీద కొట్టే బాణానికి ముందు చిన్న సూదిమొన ఉంటుంది. వేటకు వెళ్లేటప్పుడు దాన్ని విప్పి, బ్లేడు అంచులున్న వెడల్పు ములికిని బిగిస్తారు. బ్రాడ్‌హెడ్ అంటారు. ఆ బ్లేడ్లు కూడా గాలిలో రెక్కల్లాగే పనిచేస్తాయి. అంటే బాణానికి ముందూ రెక్కలే, వెనకా రెక్కలే. వెనకవి గెలిస్తే బాణం తిన్నగా పోతుంది. ముందువి గెలిస్తే బాణం తన దారి తాను చూసుకుంటుంది.

మా దగ్గర ఒక కుర్రాడు వేసవంతా సూదిమొనలతో సాధన చేశాడు. బాణం తోకకు బుల్లి ప్లాస్టిక్ రెక్కలు. 30 గజాల దగ్గర బాణాలన్నీ టీ సాసరంత చోటులో పడేవి. సీజను మొదలయ్యే ముందురోజు రాత్రి వెడల్పాటి బ్రాడ్‌హెడ్లు బిగించుకున్నాడు. వాటితో ఒక్క బాణమైనా వేసి చూడలేదు. మర్నాడు సాయంత్రం జింక కనిపించింది. చెయ్యి వణకలేదు, గురి తప్పలేదు. బాణం మాత్రం గురి పెట్టిన చోటికి వెళ్లలేదు, జానెడు వెనక, పొట్టలో దిగింది. ఐదారుగురం టార్చిలైట్లు పట్టుకుని నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ అర్ధరాత్రి దాకా తిరిగాం. ఒక వాగు దగ్గర జాడ తెగిపోయింది. మర్నాడూ వెతికాం. దొరకలేదు. తెల్లతోక జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు, మనం టిఫిను తినే పళ్లెమంత. అక్కడ తగిలితే కొద్ది క్షణాల్లో పడిపోతుంది. జానెడు వెనక తగిలితే గంటలు, ఒక్కోసారి రోజులు. ఆ కుర్రాడు ఆ ఏడు మళ్లీ విల్లు పట్టలేదు. అతని తప్పు ప్లాస్టిక్ వాడటం కాదు. ఆ ములికికి ఆ తోక చాలుతుందా లేదా అని చూడకపోవడం.

కాబట్టి ఈకా, ప్లాస్టిక్కా అని నన్ను ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. నీ విల్లేది? వింటికి ఆనించి వదిలేదయితే ఈక. తోక తగలని కాంపౌండ్ అయితే రెండూ పనికొస్తాయి. నీ ములికేది? వెడల్పాటిదైతే తోక పెద్దది కావాలి, ఈకైనా ప్లాస్టిక్కైనా, మెలితిప్పి అంటించాలి, అవసరమైతే మూడు కాదు, నాలుగు. మీ ఊళ్లో వానలెంత? ఎంత దూరం నుంచి కొడతావు? ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష. ఆరడుగుల దూరంలో బిగువుగా కట్టిన కాగితంలోంచి బాణం వదులు. గుండ్రటి చిల్లు, దాని చుట్టూ రెక్కల గాట్లు పడితే బాణం తిన్నగా పోతోంది. పక్కకు చిరిగితే తోక ఊగుతోంది, సరిచెయ్యి. తర్వాత సూదిమొనలతో, బ్రాడ్‌హెడ్లతో 20 గజాల నుంచి, 30 గజాల నుంచి వేసి చూడు. రెండు రకాలూ ఒకేచోట పడాలి. ఈకలైతే నీళ్లలో ముంచి కూడా వేసి చూడు. ఎంత దూరం దాకా అన్నీ ఆ పళ్లెంలోనే పడతాయో అదే నీ హద్దు. దానికి ఒక్క గజం ఎక్కువైనా బాణం దించేసి చూస్తూ కూర్చో.

నేను వాడేది ఏమిటని అడుగుతారు. రికర్వ్ విల్లుకు ఐదంగుళాల టర్కీ ఈకలు, కాంపౌండ్‌కు ప్లాస్టిక్. ఇంట్లో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, ఇంతవరకు పోట్లాడుకోలేదు.

పిల్లలకు ఒక మాట. విలువిద్యకు వేట అక్కర్లేదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మన విజయవాడ అబ్బాయి ధీరజ్ బొమ్మదేవర రికర్వ్‌లో ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. వాళ్ల బాణాలకు వెడల్పు ములుకులుండవు, అందుకే తోకకు చిన్న ప్లాస్టిక్ రెక్కలే చాలు. పని మారితే తోక మారుతుంది. పాతది కాబట్టి గొప్పదనీ, కొత్తది కాబట్టి మేలైనదనీ అనుకోకుండా, వేసి చూసి తేల్చుకునే అలవాటు మాకు ఈ బడిలోనే అబ్బింది. మా సైన్సు మాస్టారు ఏ సూత్రం చెప్పినా "నా మాట నమ్మకండి, ల్యాబులో చేసి చూడండి" అనేవారు. ల్యాబులో ఉన్నవి రెండు బీకర్లూ ఒక స్ప్రింగు త్రాసూ అయినా సరే, వరసలో నిలబెట్టి అందరి చేతా చేయించేవారు. బాణం విషయంలోనూ అంతకు మించిన సలహా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

 మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక ఈక బాణాన్నీ ఒక ప్లాస్టిక్ బాణాన్నీ సైన్సు గదిలో పెడతాను. మొనలు తీసేశాను, భయం లేదు. పట్టుకుని చూడండి, త్రాసులో తూచి చూడండి. సెలవు.